మందు ఎక్కువైన నీళ్లు

గల్ఫ్‌లో నేను చేసే పని ఏమిటో మా ఖానాపూర్‌లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. సెలవు మీద వచ్చినప్పుడు ఒకసారి "నూనె బావుల్లో మందు పోస్తా" అన్నాను. వాడకట్టంతా నవ్వులాట అయింది. బావిలో మందు కలిపేవాణ్ణి పట్టుకొని తంతారు గానీ, విమానమెక్కించి జీతమిస్తారా అని. అక్క మాత్రం నవ్వలేదు. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఆకు కత్తిరిస్తూనే, "వాడు సదువుకున్నోడు. ఏదో అక్కరుంటెనే పోస్తుండు," అని అందరి నోళ్లూ మూయించింది. వాళ్లు వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచి, "నిజంగ ఏం మందురా తమ్మీ?" అని అడిగింది.

పెరట్లో స్నానాల నీళ్లు కాగే ఇత్తడి కాగు చూపించి చెప్పాను. దాని లోపల తెల్లగా, గట్టిగా సున్నం పొర కట్టి ఉండేది. అక్క అప్పుడప్పుడు ఇటుక ముక్కతో దాన్ని గీకి గీకి వేళ్ల తోలు ఊడగొట్టుకునేది. భూమిలోంచి నూనెతో పాటు ఉప్పు నీళ్లు కూడా వస్తాయి. బావి పాతబడే కొద్దీ నూనె తగ్గి నీళ్లే ఎక్కువవుతాయి. ఆ నీళ్లు పైకి వచ్చే దారిలో పైపు గోడలకు ఇదే పొర కడతాయి. కట్టీ కట్టీ ఒకనాటికి పైపు మూసుకుపోతుంది. అంత లోతుకు ఇటుక ముక్క పట్టుకొని దిగేవాడు ఎవడూ లేడు. అందుకే పొర కట్టకముందే మందు పోయాలి. ఆ మందు, సున్నం గింజ పుట్టీ పుట్టకముందే దాన్ని పట్టుకొని పెరగనివ్వదు. మందును బావి అడుగున ఉన్న రాతిలోకి నెట్టి, బావిని కొంతకాలం మూసి ఉంచుతాం. రాయి ఆ మందును పట్టి ఉంచుకొని, తర్వాత వచ్చే నీళ్లలోకి కొంచెం కొంచెంగా వదులుతుంది. పైకొచ్చిన నీళ్లలో మందు ఇంకా ఎంత మిగిలి ఉందో చూడటం నా పని. మిగులు తగ్గిందంటే మళ్లీ పోయాలి.

"అంటె నీళ్లు కొలుసుడే కద నీ పని. నేననుకున్న ఏందో," అన్నది అక్క. నాకు కొంచెం రోషమొచ్చింది గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు.

అక్క నాకన్నా చాలా పెద్దది. అవ్వ, అంటే మా అమ్మ, పోయాక నన్ను పెంచింది ఆమే. పెళ్లయిన కొద్దికాలానికే బావ పోతే పుట్టింటికి తిరిగొచ్చి, మళ్లీ పెళ్లి మాట ఎత్తినవాళ్లందరినీ నా పేరు చెప్పి వెనక్కి పంపింది. నా చదువు, నా బట్టలు, నా కెమిస్ట్రీ డిగ్రీ, నా మొదటి సూట్‌కేసు, అన్నీ ఆమె చుట్టిన బీడీలే. పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా నడుము వంచి చుట్టేది. మా వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒక అలవాటు ఉంది. ఛాయ్‌తో పాటు నొప్పి గోలీ. ఎవరూ దాన్ని మందు అనుకోరు. ఒకరి దగ్గర అయిపోతే ఇంకొకరు కొంగు ముడి విప్పి ఇస్తారు, చక్కెర బదులిచ్చినట్టు. ఆ గోలీ వేసుకుంటే నడుము లేస్తుంది, చాట నిండుతుంది. అక్క ఏళ్ల తరబడి అట్లాగే చాట నింపింది. చివరికి కాళ్లు వాచి, ముఖం వాచి, అన్నం వాసనకే వాంతి వచ్చేదాకా వస్తే, డాక్టరు ఆ గోలీలకే రెండు కిడ్నీలూ పోయాయన్నాడు. నేను ఎడారిలో ఇనుప పైపులకు పొర కట్టకుండా కాపలా కాస్తున్న కాలమంతా ఇక్కడ ఇది జరిగింది. ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద మండుతుందో మాత్రం చెప్పలేను.

కొలువు వదిలేసి వచ్చేశాను. రక్తం శుభ్రం చేసే మిషను కోసం ఖానాపూర్ నుంచి బస్సుల్లో తిరగలేక కరీంనగర్‌లో ఒక గది తీసుకున్నాం. పైన రేకులు, కింద మేము. ఎండాకాలం ఆ గదిలో పగలంతా రొట్టె పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. అటువంటి గదిలో, ఆ ఎండలో, నేను మా అక్కకు నీళ్లు కొలిచి ఇచ్చేవాణ్ణి.

డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నీళ్లు విషంతో సమానం. మూత్రం రాదు కాబట్టి తాగిందంతా ఒంట్లోనే ఉండిపోతుంది. ముందు కాళ్లలోకి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అందుకని రోజుకింత అని డాక్టరు చెప్పాడు. ఆ ఇంతలోనే ఛాయ్, ఆ ఇంతలోనే మందుబిళ్లలు మింగే నీళ్లు. పొద్దున్నే ఆమె స్టీలు గ్లాసులో కొలిచి పోసి గూట్లో పెట్టేవాణ్ణి. అక్క దాన్ని గుక్కెడు గుక్కెడుగా తాగేది. పెదవులు పగిలి ఉండేవి. నీళ్ల బిందెను నా మంచం కిందికి జరుపుకున్నాను. "తమ్మీ, దూపైతంది. జర పెదువులు తడుపుకుంట," అని ఆమె అడిగేది. తడిగుడ్డ ఇచ్చేవాణ్ణి. గుడ్డను పెదవులకు అద్దుకుంటూ దొంగతనంగా పీల్చేది. నేను చూసి తిట్టేవాణ్ణి. నన్ను సాకినామె చేతిలోంచి తడిగుడ్డ లాక్కున్నవాణ్ణి నేను. ఇంకోదారి ఉంటే చెప్పండి, ఇప్పుడైనా వింటాను.

ఆ ఎండల్లోనే మేం వెళ్లే డయాలసిస్ సెంటర్‌లో నీళ్లు తగ్గిపోయాయి. మనిషి గుక్కెడు తాగకూడదు గానీ, మిషను మాత్రం బిందెల కొద్దీ తాగుతుంది. అదీ ఉత్త నీళ్లు కాదు, ఉప్పూ సున్నమూ అన్నీ వడకట్టిన నీళ్లు. సెంటర్ మేడ మీద రేకుల షెడ్డులో ఆ ప్లాంటు ఉండేది. అక్క వంతు వచ్చిన రోజు వెళితే ప్లాంటు సరిగ్గా నడవడం లేదని తిప్పి పంపారు. తర్వాతి వంతు నాటికి మిషన్లకు నీళ్లు రావడమే ఆగిపోయింది. అప్పటికే అక్క ముఖం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకు ఆనుకొని కూర్చునే కునుకు తీస్తోంది.

హాలు నిండా మాలాంటివాళ్లే. బస్సులు మారి వచ్చినవాళ్లు, ఆటోల్లో వచ్చినవాళ్లు, నేల మీద తువ్వాల పరుచుకొని పడుకున్నవాళ్లు. ఊళ్లో ఉన్న మిగతా సెంటర్లన్నింటికీ ఫోన్లు చేశాను. ఎవరి మనుషులు వాళ్లకున్నారు, కుర్చీలు ఖాళీ లేవు. ఒకచోట బతిమాలాను. ఒకచోట కోప్పడ్డాను. ఇంకోచోట ఏడ్చాను కూడా, ఆ అమ్మాయి పాపం "సార్, సార్" అంటూ ఫోను పెట్టేసింది. సెంటర్ చూసుకునే నర్సమ్మ, "హైదరాబాద్ నుంచి కంపెనీ టెక్నీషియన్ రేపు వస్తడట," అన్నది. రేపటిదాకా మా అక్క ఊపిరిని ఏ సీసాలో పెట్టి దాచమంటావని అరిచాను. నర్సమ్మ కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"ప్లాంటు ఒకసారి చూస్తాను. నాకు గీ పని తెలుసు," అన్నాను. చూస్తే పోయేదేముందని పైకి పంపింది. మెట్లెక్కబోతుంటే అక్క నా చొక్కా పట్టుకుంది. "ఇగ సాలు తమ్మీ. నీళ్లే వద్దంటున్నయి. ఇంటికి పోదాం," అన్నది. నేను ఆ మాట విననట్టు పైకి పోయాను.

ప్లాంటు నడిపే అతను ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్రకు ఆనుకొని ఉన్న ఊరివాడు. పత్తి చేను కౌలుకిచ్చి ఈ పనికి వచ్చాడు. అందర్నీ మరాఠీలో అన్నా అన్నట్టు "భావూ" అంటాడు. చొక్కా విప్పేసి, చెమటతో, పానా చేతిలో పట్టుకొని ఏం చేయాలో తోచక నిలబడి ఉన్నాడు. వడకట్టే గొట్టాలను మెంబ్రేన్లు అంటారు. వాటి మీద ఒత్తిడి చూపే ముల్లు చివరికంటా పోయి ఉంది, అవతల నుంచి నీళ్లు మాత్రం చుక్కలుగా పడుతున్నాయి. లోపల ఏదో మూసుకుపోయింది. పక్కనే మందు డబ్బా ఉంది, దాని మీద చిన్న పంపు. నాకు నవ్వొచ్చినంత పనయింది. ఎడారిలో నూనె బావికి పోసిన మందుకు దాయాది వరసయ్యే మందే అది. ఇక్కడా బోరు నీళ్ల సున్నం మెంబ్రేన్ల మీద పొర కట్టకుండా చుక్కలు చుక్కలుగా కలుపుతారు.

"మందు ఆగిపోయిందా?" అన్నాను.

"ఆగుడేంది భావూ! ఇంక ఎక్కువనే పోసిన," అన్నాడు. పంపు మీద మీట చూశాను. దాన్ని చివరిదాకా తిప్పి పెట్టాడు.

"ఎందుకు?"

"ఎండలు ముదిరినయి. బోరు అడుగంటి నీళ్లు సిక్కగైనయి. పురుగు ముదిరితె పత్తికి మందు డబల్ కొట్టమా? గట్లనే డబల్ పెట్టిన. అయినా నీళ్లు తగ్గినయి. మల్ల పెంచిన. డబ్బా ఊకె ఒడుస్తాంటె ఊకె నింపిన," అన్నాడు. ఆ గొంతులో తప్పు చేసినవాడి బెదురు లేదు. రాత్రీపగలూ చేను కాచినవాడి అలసట ఉంది. పని ఎగ్గొట్టినవాడైతే తిట్టి కోపం చల్లార్చుకునేవాణ్ణి. ఇతను అందరికన్నా ఎక్కువ పని చేసి ముంచాడు.

ప్లాంటు ఆపించి, చివర మూత విప్పమన్నాను. లోపల బూడిద తెలుపు రంగులో పూత. వేళ్ల మధ్య రాసి చూశాను. సున్నం పొర అయితే ఇసుకలా గరగరమంటుంది. ఇది పేస్టులా జారింది. ఈ జిగట నాకు తెలుసు. సున్నాన్ని ఆపే ఆ మందు మితిమీరితే, అదే సున్నంతో కలిసి ముద్దవుతుంది. పొర కట్టకుండా కాపాడాల్సిందే తాను పొరై కూర్చుంటుంది. ఎడారిలో ఒక బావికి ఇట్లాగే అయింది. మళ్లీ మళ్లీ పోసే బాధ ఎందుకని మా పైవాళ్లు ఒకేసారి దండిగా నెట్టించారు. మందు లోపలే ముద్దకట్టింది. ఆ బావి మళ్లీ ఎన్నడూ మునుపటిలా పారలేదు. మూత చేతిలో పట్టుకొని నిలబడితే నాకు ఆ బావి గుర్తొచ్చింది, కింద గోడకు ఆనుకొని ఊపిరి పీలుస్తున్న అక్క గుర్తొచ్చింది. దేవుడా, దీన్నన్నా పారనియ్యి అనుకున్నాను.

హైదరాబాద్ టెక్నీషియన్‌కు ఫోను చేయించాను. "మీరెవరు?" అన్నాడు. "నూనె బావులకు ఇదే మందు పోసినవాణ్ణి," అని, ఒత్తిడి ముల్లు సంగతి, జిగట సంగతి, మీట సంగతి చెప్పాను. అతను మీట ఎంతదాకా తిప్పి ఉందో మళ్లీ అడిగాడు. తర్వాత, ప్లాంటు దగ్గరే కడగడానికి ఉంచిన ఆమ్లం డబ్బాలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి. మన వంటింటి నిమ్మ ఉప్పే అది, ఆసుపత్రుల కోసం ప్రత్యేకంగా చేసింది. వీడియో కాల్‌లో చూపిస్తూ, అతను చెప్పింది చెప్పినట్టు చేశాం. ఆమ్లం నీళ్లు మెంబ్రేన్లలో తిప్పాం, నానబెట్టాం, వదిలేశాం. బయటికి పాలలాంటి నీళ్లు వచ్చాయి. మళ్లీ తిప్పాం. రేకుల కింద ఇద్దరం ఉడికిపోతున్నాం. పత్తి చేనతను మధ్యమధ్య, "నా వల్లనేనా భావూ? నా వల్లనేనా?" అంటూనే ఉన్నాడు. "తిప్పు," అన్నాను.

మధ్యలో ఒకసారి కిందికి వచ్చాను. అక్క అట్లాగే కూర్చొని ఉంది. "దూప, తమ్మీ," అన్నది. జేబురుమాలు తడిపి ఇచ్చి, "పీల్చకు," అని చెప్పి మళ్లీ పైకి ఉరికాను. ఆమె నా వెనక ఏదో అన్నది. ఆగి వినలేదు.

ఎండ కొంచెం పడమటికి వాలాక నీళ్లు వచ్చాయి. చుక్కలు ధారయ్యాయి, ధార లావైంది. ముల్లు కిందికి దిగింది. ఆమ్లం జాడ లేకుండా కడిగి, నీళ్లు పరీక్షించి చూపిస్తే టెక్నీషియన్ సరేనన్నాడు, నర్సమ్మ తాను కూడా పరీక్షించి సరేనన్నది. పత్తి చేనతను నన్ను కావలించుకున్నాడు. నేను మెట్లు దిగుతూనే, "అక్కా, నీళ్లొచ్చినయి!" అని కేక వేశాను.

గోడ దగ్గర అక్క లేదు. చెప్పులు లేవు. తడి జేబురుమాలు మడతపెట్టి నేల మీద పెట్టి ఉంది.

పక్కనున్న ముసలాయన, "గాలికి పోతనని బయటికి పోయింది," అన్నాడు. గేటు బయట లేదు. చెరుకు రసం బండి దగ్గర లేదు. అప్పుడు నాకు, ఇంటికి పోదామని పొద్దున ఆమె అన్న మాట గుర్తొచ్చింది. ఆటో ఎక్కి బస్టాండుకు పోనివ్వమన్నాను. దారంతా దేవుళ్లనూ డ్రైవర్నూ కలిపి తిట్టాను.

జగిత్యాల మీదుగా ఖానాపూర్ పోయే బస్సు ఆగేచోట, సిమెంటు బెంచీ మీద కూర్చొని ఉంది. చేతిలో పెద్ద నీళ్ల సీసా. ఐసు డబ్బాలోంచి తీసిందే, ఇంకా చెమట కారుతోంది. అడుగున కొన్ని నీళ్లు ఉన్నాయంతే. కాళ్ల దగ్గర ఇంకో సీసా, ఖాళీది.

"ఏం చేసినవ్ అక్కా? ఏం చేసినవ్?" అని అరిచాను. బస్టాండంతా తిరిగి చూసింది.

"నీళ్లు తాగిన," అన్నది. ఆమె ముఖంలో భయం లేదు. చాలాకాలం తర్వాత కడుపునిండిన మనిషి ముఖం అది.

"సచ్చిపోతవ్! ప్లాంటు మంచిగైంది. నీళ్లొచ్చినయి. లే, పోదాం."

"గా మిషిన్‌కొచ్చినయి నీళ్లు. దానికి ఎన్నంటె అన్ని పోస్తరు. నాకు గుడ్డ తడిపిస్తవ్. పొద్దుగాలసంది సూస్తున్న, నువ్వు దాని దూప తీర్సతందుకే ఉరుకుతున్నవ్. నా దిక్కు ఒక్కపారి సూసినవారా?" మధ్యలో ఊపిరి తీసుకుంటూ, తెంపుతెంపుగా అన్నది. "నన్ను ఇంటికి పోనియ్యి. నా వాడకట్టుల, నా మంచం మీద, కడుపునిండ నీళ్లు తాగి పోత. నువ్వు ఫికర్ జెయ్యకు."

ఆమె అన్నదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. కింద, ఆ తొక్కుడు నేల మీద కూర్చొని ఆమె మోకాళ్లు పట్టుకున్నాను. "నాకు నువ్వు తప్ప ఎవరున్నరక్కా? నేను ఎవరి కోసం బతకాలె?" అన్నాను. స్వార్థమే. ఆమె సుఖం కోసం కాదు, నా కోసమే అడిగాను. అక్క నా తల మీద చేయి వేసింది గానీ లేవలేదు. బస్సు వచ్చింది. లేవబోయింది. లేవలేకపోయింది. దగ్గు పట్టుకుంది, నీళ్లలో మునిగినవాళ్ల దగ్గు. పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు చూశాను ఆమె కళ్లలో భయం. నా కాలరు రెండు చేతులా పట్టుకొని, "తమ్మీ, తీస్కపో... తీస్కపో," అన్నది.

నేను గెలవలేదు. ఆమె మనసు మారలేదు. ఊపిరి ఆడక వచ్చింది, అంతే. ఆటో అతను, నేను చెరోవైపు పట్టుకొని ఎక్కించాం. సెంటర్‌లో నర్సమ్మ ఆక్సిజన్ పెట్టి, మిగతావాళ్లను బతిమాలి, మా అక్కను ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. ఎవరూ కాదనలేదు.

మిషను తిరగడం మొదలుపెట్టాక కొంతసేపటికి ఊపిరి కుదుటపడింది. ఒంట్లో పేరుకున్న నీళ్లను మిషను లాగి, ఒక సన్నని గొట్టంలోంచి బయటికి వదులుతుంది. అక్క చాలాసేపు ఆ గొట్టం దిక్కే చూసింది.

"గవి ఏడికి పోతయి?" అన్నది.

"మురికి మోరీలకు."

"నేను తాగినయేనా?"

"అవునక్కా."

అక్క తల వెనక్కి వాల్చింది. కళ్లు మూసుకున్నది. నిద్రపోయిందనుకున్నాను. కాసేపటికి కళ్లు తెరవకుండానే, "మస్తు సల్లగుండెరా," అన్నది.

ఆ ఎండాకాలం గడిచింది. నేను కొలవడం మానలేదు. మానితే ఆమె ఉండదు. ఆమె కూడా మళ్లీ బస్టాండుకు పోలేదు, ఎక్కువ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధగా ఉండేది. వానలు మొదలయ్యాక, తెరిపిచ్చి ఎండ కాసిన ఒక మధ్యాహ్నం, మిషను రోజు కాని రోజు, గోడకు ఆనుకొని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు.

చుట్టాలు వచ్చేలోపు గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. గూట్లో ఆమె స్టీలు గ్లాసు ఉంది. పొద్దున నేను కొలిచి పోసిన నీళ్లు సగానికి పైగా అట్లాగే ఉన్నాయి. సాయంత్రానికని దాచుకుంది. పారబోయడానికి చేతులు రాలేదు. తాగాను. రేకుల వేడికి కాగి ఉన్నాయి.